పాలారు రైతుకు పరిహారం సరే, తోడ్పాటు ఏది?

తమిళనాడులోని వెల్లూరు ప్రాంత రైతుల విషయంలో సుప్రీంకోర్టు 2025 జనవరి 30న మరో తీర్పు చెప్పింది. తోళ్ల పరిశ్రమ వదిలిన మురుగువల్ల పాలారు నది పొడవునా పొలాలు పాడైన కుటుంబాల్లో ఇంకా పరిహారం అందనివాళ్లకు రాష్ట్ర ప్రభుత్వమే ఆరు వారాల్లో డబ్బు చెల్లించాలని, ఆ మొత్తాన్ని తర్వాత కాలుష్య కారకుల దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించింది. రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి నాయకత్వంలో ఒక కమిటీని కూడా వేయమంది. ఇదే వ్యవహారంలో ఇదే కోర్టు తొలి తీర్పు ఇచ్చింది 1996 ఆగస్టు 28న. వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన ఆ కేసును దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకుంటారు. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం, హాని జరగకముందే జాగ్రత్తపడాలన్న సూత్రం మన చట్టంలో భాగమేనని తేల్చిన తీర్పు అది. అంత పేరున్న తీర్పు వచ్చిన 28 ఏళ్లకు కూడా అదే రైతుల పరిహారం గురించి అదే కోర్టు మళ్లీ మాట్లాడవలసి వచ్చింది. ఈ ఆలస్యం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. నా వాదన మరొకటి. పరిహారం వేళకు అంది ఉన్నా పాలారు రైతు కష్టం తీరేది కాదు. పరిహారం జరిగిపోయిన నష్టానికి ఇచ్చేది. రైతుకు కావలసింది మారిన నీటితో, మారిన నేలతో, మారిన మార్కెట్‌తో సేద్యం సాగించుకునే తోడ్పాటు. అలాంటి తోడ్పాటు ఎలా అందించాలో ప్రభుత్వానికి తెలియదనడానికి వీల్లేదు. ఇదే పాలారు లోయలో తోళ్ల పరిశ్రమకు దాన్ని అందించింది.

ముందు పరిహారం లెక్క చూద్దాం. తోళ్ల కర్మాగారాలు (టానరీలు) ఉన్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతవరకో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న సర్వే లెక్కను 1996 తీర్పే ఉటంకించింది. ఆ సర్వే చేసింది తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వెల్లూరు పరిశోధన కేంద్రం. తీర్పు ప్రకారం ఏర్పడిన ప్రాధికార సంస్థ ఊరూరా విచారించి 2001 మార్చి 7న తన నిర్ణయం ప్రకటించింది. 29,193 మంది నష్టపోయారని, 15 వేల హెక్టార్లకు పైగా భూమి దెబ్బతిన్నదని, 547 టానరీల నుంచి 26.82 కోట్ల రూపాయలు వసూలు చేసి వాళ్లకు పంచాలని చెప్పింది. ఈ లెక్క 1991 ఆగస్టు నుంచి 1998 డిసెంబరు వరకు జరిగిన నష్టానికి. తలా పంచితే సగటున ఒక్కొక్కరికి 9,200 రూపాయల లోపు, అంటే ఏడాదికి 1,240 రూపాయల చొప్పున. ఎకరం లెక్కన చూసినా ఏడేళ్ల పైచిలుకు కాలానికి కలిపి దాదాపు 7,150 రూపాయలు. అప్పటి ధరలు వేరన్నది నిజమే. అయినా ఉప్పెక్కిన బావిని వదిలేసి కొత్త నీటి వసతి చూసుకోవడానికి గానీ, చౌడు దేలిన ఎకరాన్ని బాగుచేసుకోవడానికి గానీ అది ఏ కాలంలోనూ చాలే సొమ్ము కాదు. ఆ లెక్క వేసినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లను అడిగింది పంట నష్టాన్ని కొలవమని, వాళ్లు కొలిచారు. రేపటి పంటకు ఏం కావాలో కొలవమని మాత్రం ఎవరినీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అదే ఏళ్లలో తోళ్ల పరిశ్రమకు ఏం జరిగిందో చూడండి. తోలు నిల్వకు వాడే పెంటాక్లోరోఫినాల్ అనే రసాయనాన్ని 1989లో జర్మనీ నిషేధించింది. కొన్నేళ్లకు, 1994లో, కొన్ని రకాల అజో రంగుల మీదా నిషేధం తెచ్చింది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, పేర్నంబట్టుల నుంచి తోలు, బూట్లు ఎక్కువగా వెళ్లేది యూరప్‌కే. సరుకు తిరిగి వచ్చేస్తుందన్న భయం పరిశ్రమను పట్టుకుంది. అప్పుడు ప్రభుత్వం ఇది మీకూ మీ కొనుగోలుదారుకూ మధ్య వ్యవహారమని ఊరుకోలేదు. ఆ రసాయనాలను ఇక్కడా నిషేధించింది. చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ ప్రత్యామ్నాయాలు చూపించింది, పరీక్షలకు ప్రయోగశాల సౌకర్యం ఇచ్చింది. తర్వాత కోర్టు ఒత్తిడితో మురుగు శుద్ధి తప్పనిసరి అయినప్పుడు చిన్న టానరీలు ఒక్కొక్కటీ సొంతంగా శుద్ధి యంత్రాలు పెట్టుకోలేవని గుర్తించి ఉమ్మడి శుద్ధి కేంద్రాల పథకం పెట్టారు. మొదట్లో ఆ పథకం కింద ఖర్చులో పాతిక శాతం కేంద్రం, మరో పాతిక శాతం రాష్ట్రం భరించేవి, 30 శాతం బ్యాంకు రుణం, యజమానులు వేసుకోవలసింది 20 శాతం. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. ఆ పని చేయకపోతే వేలమంది కూలీలు వీధిన పడేవాళ్లు, మురుగు మాత్రం రాత్రిపూట దొంగచాటుగా ఏట్లోకి పోతూనే ఉండేది. నిబంధన రాబోతోందని తెలియజేయడం, ఖర్చు పంచుకోవడం, శాస్త్రవేత్తను పరిశ్రమ దగ్గరకు పంపడం, కొనేవాడు ఏం అడుగుతున్నాడో చెప్పడం: సర్దుబాటుకు తోడ్పాటు అంటే ఇవే. పాలారు గట్టున పరిశ్రమకు ఈ నాలుగూ అందాయి. రైతుకు ఒక్కటీ అందలేదు.

రైతు సమస్య పరిశ్రమ సమస్యకన్నా ఎందుకు మొండిదో అర్థం కావాలంటే ఉప్పు సంగతి తెలియాలి. టానరీ మురుగు అనగానే అందరికీ క్రోమియం గుర్తొస్తుంది. రాణిపేటలో మూతపడిన క్రోమేట్స్ కర్మాగారం ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాలు గుట్టగా పడి ఉన్న మాట నిజమే, అది చాలా ప్రమాదకరం కూడా. కానీ ఎక్కువ పొలాలను దెబ్బతీసింది మామూలు ఉప్పు. పచ్చితోలు కుళ్లకుండా ఉప్పు దట్టిస్తారు, కర్మాగారంలో నానబెట్టి కడిగినప్పుడు అదంతా నీళ్లలోకి దిగుతుంది. సేంద్రియ మలినాలను సూక్ష్మజీవులు తినేస్తాయి గానీ ఉప్పును ఏ జీవీ తినదు. అది ఏట్లోంచి ఇసుకలోకి, ఇసుకలోంచి బావుల్లోకి, బావిలోంచి పొలంలోకి చేరుతుంది. అందులోని సోడియం బంకమన్ను కణాలను విడగొట్టి మట్టి గుల్లతనాన్ని పోగొడుతుంది. తడిస్తే జిగురవుతుంది, ఆరితే గట్టి పెచ్చు కడుతుంది, వాననీరు కిందికి ఇంకదు. దీనికి విరుగుడు ఉంది. జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియాన్ని తప్పించి దాని చోట కూర్చుంటుంది, తప్పిన సోడియాన్ని మంచినీళ్లతో కిందికి కడిగేయాలి, జీలుగో జనుమో చల్లి పచ్చిరొట్టగా కలియదున్నాలి. ఇక్కడే చిక్కు. కడగడానికి మంచినీళ్లు కావాలి, ఉన్న బావి నీళ్లే ఉప్పన. కాబట్టి ఇది ఒక రైతు తన ఎకరంలో ఒంటరిగా చేసుకోగల పని కాదు. వానాకాలంలో చెరువు నింపి, ఆ నీళ్లను వంతులవారీగా కడుగుకు వదిలి, మురుగు కాలువలు తవ్వి, ఊరంతా కలిసి మూడు నాలుగేళ్లపాటు చేయాల్సిన పని. చిన్న టానరీ ఒంటరిగా శుద్ధి యంత్రం పెట్టుకోలేదని ప్రభుత్వం ఒప్పుకున్నది సరిగ్గా ఇలాంటి కారణంతోనే.

పథకాలకు కొదవా అని ఎవరైనా అడగవచ్చు. తమిళనాడు 2021 నుంచి వ్యవసాయానికి వేరే బడ్జెట్ పెడుతోంది. కేంద్రం పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు ఇస్తోంది. బిందు సేద్యానికి సన్నకారు, చిన్నకారు రైతులకు తమిళనాడులో నూటికి నూరు శాతం సబ్సిడీ ఉంది. 2015 నుంచి భూసార కార్డులు, 2016 నుంచి ఫసల్ బీమా ఉన్నాయి. ఇవన్నీ మంచివే. కానీ ఒక్కొక్కదాన్నీ పాలారు పొలం దగ్గర నిలబెట్టి చూస్తే కొరత బయటపడుతుంది. భూసార కార్డు 12 అంశాలు పరీక్షిస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మపోషకాలు, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, మొత్తం లవణాల స్థాయి ఉంటాయి. మట్టిలో సోడియం వాటా ఎంతో, క్రోమియం ఉందో లేదో ఆ కార్డు చెప్పదు. అంటే ఈ లోయలో రైతుకు అన్నిటికన్నా ముందు తెలియాల్సిన రెండు సంగతులూ అందులో లేవు. ఫసల్ బీమా కరవుకు, వరదకు, తెగులుకు వర్తిస్తుంది. మనుషులు ఆపగలిగిన నష్టాలను దాని నిబంధనలే మినహాయిస్తాయి. కర్మాగారపు మురుగు మనుషులు ఆపగలిగిందే కదా, కాబట్టి దానికి బీమా లేదు. బిందు సేద్యం నీటిని ఆదా చేస్తుంది, నిజమే. అయితే ఉప్పునీళ్లతో నడిపితే తడి ఆగిన అంచున ఉప్పు పేరుకుంటుంది, దాన్ని అప్పుడప్పుడూ కడిగేయకపోతే పంటకే చేటు. పైపులకు డబ్బిచ్చే అధికారి ఒకరు, ఆ సలహా చెప్పాల్సిన శాస్త్రవేత్త మరొకరు. వెల్లూరుకు దగ్గరలోనే విరింజిపురంలో విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తిరుచ్చి నుంచి వచ్చిన టీఆర్‌వై వరి రకాలు చౌడును తట్టుకుంటాయి. విత్తనం ఉంది, శాస్త్రవేత్త ఉన్నాడు, డబ్బూ ఉంది. ఈ మూడింటినీ ఒక పొలం దగ్గర కలిపే పథకం లేదు.

అలాంటి పథకం కావాలంటే మొట్టమొదట వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. పాడుచేసింది పరిశ్రమ అయితే బాగుచేసే ఖర్చు పన్నులు కట్టే జనం నెత్తిన ఎందుకు పెట్టాలి? పెట్టనక్కర్లేదు. 1996 తీర్పు రెండు ఖర్చులను స్పష్టంగా విడదీసింది. కాలుష్య కారకుడి బాధ్యత బాధితులకు పరిహారం ఇవ్వడంతో ఆగదు, చెడిన పర్యావరణాన్ని మళ్లీ బాగుచేసే ఖర్చూ అతనిదే అంది. మన ప్రభుత్వాలు, మన పత్రికలు, చివరికి రైతు సంఘాలు కూడా మొదటి ఖర్చు చుట్టూనే తిరుగుతూ రెండోదాన్ని దాదాపు మరిచిపోయాయి. 2025 తీర్పు దారి చూపింది. ముందు ప్రభుత్వం పెట్టాలి, తర్వాత రాబట్టుకోవాలి. ఈ పద్ధతి పరిహారానికి పనికొచ్చినప్పుడు నేలను బాగుచేయడానికి ఎందుకు పనికిరాదు? వసూలు అయ్యేదాకా ఆగమంటే అర్థం ఏమిటో 28 ఏళ్ల చరిత్ర చెప్పింది. పైగా రుజువు కాని వాటా ఎప్పుడూ కొంత ఉంటుంది. మూతపడిన కర్మాగారాలు, చేతులు మారిన యజమానులు, ఇసుక తోడేసి ఏటిని బోసిచేసినవాళ్లు, అనుమతులిచ్చి కళ్లు మూసుకున్న శాఖలు. ఆ వాటా ప్రభుత్వమే భరించడం దానం కాదు, తన వంతు బాకీ తీర్చడం.

రెండో అభ్యంతరం సబ్సిడీల గురించి. డబ్బిస్తే రైతు మారడని, అలవాటు పడతాడని అంటారు. ఇందులో కొంత నిజముంది, అది దాచకూడదు. తమిళనాడులో పంపుసెట్లకు ఉచిత కరెంటు దశాబ్దాలుగా ఉంది. అది లేకపోతే ఎందరో చిన్నరైతులు సేద్యం మానేసేవాళ్లు. అదే కరెంటు భూగర్భ జలాలను లోతుకు, ఇంకా లోతుకు తోడేయడానికీ తోడ్పడింది, నీరు తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు చిక్కనైంది. కాబట్టి సబ్సిడీ ఇవ్వాలా వద్దా అని అడగడంకన్నా, ఆ డబ్బు రైతును ఏ వైపు నడిపిస్తోందని అడగాలి. తోడిన నీటికి కాకుండా ఇంకించిన నీటికి డబ్బివ్వవచ్చు. బస్తా ఎరువుకు కాకుండా నేలలో తగ్గిన సోడియానికి ఇవ్వవచ్చు. పంట మార్చినవాడికి మొదటి రెండేళ్ల ఆదాయంలో వచ్చే గండిని పూడ్చవచ్చు. కాలపరిమితి పెట్టి, పరీక్షకు నిలిచే ఫలితానికి ముడిపెట్టి ఇచ్చే డబ్బు ఎవరినీ సోమరిని చేయదు. శుద్ధి కేంద్రాలకు సగం ఖర్చు ఇచ్చినప్పుడు పరిశ్రమ సోమరి అవుతుందని ఎవరూ భయపడలేదు. రైతు విషయంలోనే ఆ భయం ఎందుకు ముందుకొస్తుందో నాకు అర్థం కాదు.

నిబంధన మాత్రం పెట్టి తోడ్పాటు మరిచిపోతే ఏమవుతుందో పొరుగు దేశం చూపించింది. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. సేంద్రియ ఎరువు సరిపడా లేదు, రైతుకు నేర్పినవాడు లేడు, దిగుబడి పడిపోతే ఆదుకునే ఏర్పాటు లేదు. వరి, తేయాకు దెబ్బతిన్నాయి, ఆ ఏడాది నవంబరుకే నిషేధం వెనక్కి పోయింది. డబ్బున్న దేశాల్లోనూ ఇదే జరిగింది. నైట్రోజన్ కాలుష్యం తగ్గించమని 2019లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం చెప్పాక నెదర్లాండ్స్ వేల కోట్ల యూరోలు పక్కన పెట్టింది గానీ, రైతులతో మాట్లాడకముందే ఎక్కడ ఎంత తగ్గించాలో మ్యాపు గీసి ప్రకటించింది. ట్రాక్టర్లు రోడ్డెక్కాయి, 2023 ప్రాంతీయ ఎన్నికల్లో రైతుల పార్టీ గెలిచింది. పర్యావరణాన్ని ప్రేమించేవాళ్లు ఈ రెండు కథలనూ శ్రద్ధగా చదవాలి. రైతుకిచ్చే తోడ్పాటును పర్యావరణ నిబంధనకు పోటీగా చూసేవాళ్లు పొరబడుతున్నారు. తోడ్పాటు లేని నిబంధన నిలబడదు, అది పడిపోయినప్పుడు నష్టపోయేది నది.

ఇక మార్కెట్. గుడియాత్తం, పేర్నంబట్టు వైపు కొండవాలు పొలాల్లో నీరు తక్కువ, మామిడి ఎక్కువ. నీటిని బట్టి చూస్తే చెరకుకన్నా అది తెలివైన పంట. అయితే ఆ మామిడిలో గుజ్జుకు వాడే తోతాపురి రకానికి సహజమైన గిరాకీ సరిహద్దు దాటితే వచ్చే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గరే ఉంది. 2025 వేసవిలో ధర కుప్పకూలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రైతుకు కిలోకు 12 రూపాయలు ప్రకటించింది, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. అదే సమయంలో బయటి రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా అడ్డుకట్ట వేసింది. సొంత రైతును కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు. కర్ణాటక ముఖ్యమంత్రి నిరసన తెలుపుతూ లేఖ రాశారు, తర్వాత ఆ రాష్ట్ర రైతులకు కేంద్రం క్వింటాలుకు 1,616 రూపాయల ధరతో ఆసరా ఇచ్చింది. సరిహద్దుకు ఇటు పక్క చెట్టు నాటినందుకు గుడియాత్తం రైతుకు ఆ 4 రూపాయలు లేవు. నీటిని ఆదా చేసే పంటకు మారమని చెప్పిన ప్రభుత్వమే ఆ పంటను ఎవరు కొంటారన్న ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. గుజ్జు ఎగుమతి అయ్యే దేశాలు పురుగుమందుల అవశేషాలను ఏటికేడు కఠినంగా చూస్తున్నాయి. ఏ మందు ఎప్పుడు ఆపాలో పూత కాలానికే ఊళ్లో చెప్పే మనిషి, కోతకు ముందు కాయను పరీక్షించే ప్రయోగశాల కావాలి. తోలుకు చెన్నైలో దొరికిన సేవ మామిడికి గుడియాత్తంలో దొరకాలి. స్థానికంగా ఆశ లేకపోలేదు. ఇలవంబాడి ముళ్ల వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతు నేరుగా అమ్ముకునే తమిళనాడు ఉళవర్ సందైలు, తెలుగునాట రైతు బజార్లు రెండూ 1999లోనే మొదలై నేటికీ నడుస్తున్నాయి.

ఇంకొక మాట వినిపిస్తుంది. పొలాల్లో పని తగ్గాక ఈ ఊళ్ల ఆడవాళ్లకు కూలి ఇస్తున్నది బూట్ల ఫ్యాక్టరీలే, వాటి మీద ఇంకా భారం మోపితే ఎలా అని. ఆ కూలి విలువ నాకు తెలుసు. అందుకే ఫ్యాక్టరీలు మూయమని నేననడం లేదు. ఒక ఇంట్లో ఒకరు ఫ్యాక్టరీకి, ఒకరు పొలానికి పోయే లోయ ఇది. నీళ్లు, మట్టి బాగుపడితే ఇద్దరి కూలీ నిలుస్తుంది. అయితే ఆ పొలం కౌలుదైతే, ఏ తోడ్పాటైనా పట్టా చూసే ఇస్తామంటే దున్నేవాడికి అందదు. పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటు లేదు. నేలను బాగుచేసే డబ్బు భూమి సొంతదారుకు మాత్రమే ఇస్తే, చౌడును కడిగి బాగుచేసిన కౌలుదారు మూడో ఏట ఖాళీ చేయాల్సి వస్తుంది. తోడ్పాటు ఒప్పందంలో సాగుచేసేవాడి పేరు, అతనికి కనీసం అయిదేళ్ల సాగు హామీ ఉండాలి.

2019లో పాత వెల్లూరు జిల్లా వెల్లూరు, రాణిపేట, తిరుపత్తూరుగా మూడు ముక్కలైంది. ఏరు మాత్రం ఒక్కటే. నంది కొండల్లో పుట్టి, కుప్పం మీదుగా వచ్చి, మూడు జిల్లాలనూ దాటి సముద్రానికి పోతుంది. అందుచేత మూడు కలెక్టరేట్లకూ కలిపి ఒకే పాలారు నిధి కావాలి. ప్రతి బావికీ, ప్రతి పొలానికీ సోడియం, క్రోమియం పరీక్ష చేసి ఫలితం రైతు చేతికివ్వాలి, ఆ ఫలితాన్ని బట్టి తోడ్పాటు కట్టాలి. తమిళనాడు ప్రత్యేక వ్యవసాయ బడ్జెట్‌లో ఈ నిధికి ఒక పద్దు పెట్టించడం శాసనసభ్యుల పని. ఆ పద్దు అడగడం మనందరి పని. తమిళనాడులో మార్చి 22న వచ్చే ప్రపంచ జల దినం సందర్భంగా గ్రామసభలు జరుగుతున్నాయి. పాలారు, దాని ఉపనది కౌండిన్య ఒడ్డున పొలమున్న ప్రతి తెలుగు, తమిళ కుటుంబం ఈసారి ఆ సభకు వెళ్లి, తమ ఊరి బావుల నీటిని, పొలాల మట్టిని ప్రభుత్వ ఖర్చుతో పరీక్షించాలన్న తీర్మానం పెట్టించి, దాని నకలు చేతికి తీసుకోవాలి.